తనిఖీ నిమిత్తం ఇచ్చిన దానం

చిల్లర డబ్బులు చొక్కా జేబులోంచి ప్యాంటు జేబులోకి మారిన సంఘటనను చరిత్రకారులెవరూ నమోదు చేయలేదు. రాజ్యాలు కూలడం, రాజధానులు మారడం వంటి చిన్నాచితకా విషయాలతోనే వాళ్ళకు సరిపోయి ఉంటుంది. కానీ తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగారి ఇంట్లో మాత్రం కాలాన్ని ఇప్పటికీ ఆ సంఘటనకు ముందు, ఆ సంఘటనకు తర్వాత అనే లెక్కిస్తారు. చొక్కా జేబు యుగంలో దారిన ఎవరు చెయ్యి చాపినా ఆయన రెండు వేళ్ళు వాటంతట అవే జేబులోకి వెళ్ళి ఒక నాణెంతో బయటికి వచ్చేవి. ప్యాంటు జేబు యుగంలో అలా కుదరదు. ముందు స్కూటరు ఆపాలి, స్టాండు వెయ్యాలి, ఒక పక్కకు ఒరగాలి, తాళాల గుత్తినీ రుమాలునూ దాటుకుని అట్టడుగుకు చేరాలి. ఈలోగా ఎదుటి మనిషిని నఖశిఖపర్యంతం పరిశీలించవచ్చు. పరిశీలన పూర్తికాకముందే చాలామంది వేరే దాతను వెతుక్కుంటూ వెళ్ళిపోయేవారు. దాన్ని ఆయన నేరాంగీకారంగా పరిగణించేవారు.

యుగం మారడానికి కారణం ఒక కళ్ళజోడు. అద్దం పగిలిన కళ్ళజోడు చూపించి, కొత్తది కొనుక్కుంటానని ఒక ముసలాయన ఆయన దగ్గర ఒక నోటు పుచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే అదే ముసలాయన టీ కొట్టు బల్ల మీద కూర్చుని, కళ్ళజోడు లేకుండానే పేపరు చదువుతూ కనబడ్డాడు. పైగా చిన్నక్షరాలు. ఇంటికొచ్చి ఈ దారుణం వివరిస్తే, పేపరు తిరగేసి పట్టుకున్నాడేమో చూశారా అని భార్య అడిగింది. చూడలేదు. ఆవిడ నవ్వి కూరగాయలు తరుక్కోవడానికి వెళ్ళిపోయింది గాని, ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చాక చూడకపోవడం తప్పు అనే సిద్ధాంతం తెల్లవారేలోగా సిద్ధమైంది.

ఈ సిద్ధాంతానికి మూలం ఆయన ఉద్యోగంలోనే ఉంది. ఇన్‌స్పెక్టరు స్వయంగా వెళ్ళి కిలో ఉల్లిపాయలు అడిగితే, దుకాణదారు ముఖం గుర్తుపట్టి కిలో మీద ఇంకో రెండు వేసి ఇస్తాడు. అందుకని దారిన పోయే మనిషిలా కనబడే ఒకణ్ణి పంపి కొనిపించాలి. తాను ఎదురుగా ఏ కరెంటు స్తంభం వెనకో నిలబడాలి. సరుకు చేతులు మారాక అప్పుడు బయటపడి తూచాలి. దీనికి పరీక్ష కొనుగోలు అని పేరు. ఇందులో ముఖ్యమైన నియమం ఒకటే: తూకం తేలేదాకా తానెవరో చెప్పకూడదు. ఆ నియమాన్ని పాటించడంలో ఆయనకు సాటి లేరని శాఖలో ప్రతీతి. వీధంతా ఆయన్ను తూకాలాయన అని పిలిచేది.

కొనడానికి పంపే మనిషి కోసం ఆయన దూరం వెళ్ళనక్కర్లేకపోయింది. సొంత బావమరిదే ఉన్నాడు. ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం అతనిది. చూడగానే ఎవరికైనా మోసం చెయ్యాలనిపించే ముఖం. అతని స్వభావమూ ముఖానికి తగ్గట్టే ఉండేది. ఎవరు అడిగినా ఇచ్చేవాడు, ఇచ్చిన మరునిమిషం మరిచిపోయేవాడు. బావగారు దీన్ని ఒక జబ్బుగా భావించి, అప్పుడప్పుడు ఉపన్యాసాల రూపంలో మందు ఇస్తుండేవారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ బస్టాండులో ఉన్నారు. తూకాలాయన పండ్ల దుకాణాల తక్కెడలు పరీక్షించి ముగించారు. ఇత్తడి తూకపురాళ్ళున్న చెక్కపెట్టెను స్కూటరు ముందుభాగంలో, కాళ్ళు పెట్టుకునే చోట, తాడుతో కట్టేశారు. బావమరిది ఫ్రేముల చెక్క పార్శిలు కోసం ఎదురుచూస్తున్నాడు. అప్పుడు బెంచీల మధ్య ఒక మనిషి కనబడ్డాడు. ముప్పై దాటి ఉంటాయి. గోళ్ళ చుట్టూ తెల్లరంగు ఎండి ఉంది, గోడలకు రంగులు వేసేవాడని చెప్పక్కర్లేదు. ఒక్కో బెంచీ దగ్గర ఆగి, వంగి, తగ్గు గొంతుతో ఏదో చెప్పి, లేదన్నట్టు తల ఊగగానే పక్క బెంచీకి జరుగుతున్నాడు.

తూకాలాయన మనుషులను తూచే యంత్రం దగ్గరకు వెళ్ళి, దాని మీదకెక్కి నిలబడి చెవులు రిక్కించారు. పక్క ఊరి ఆసుపత్రిలో అతని తల్లి ఉందట. ఈ సాయంత్రమే ఆపరేషనట. పొద్దున బస్సెక్కే తొక్కిసలాటలో ఎవరో పర్సు కొట్టేశారట. ఛార్జీ ఇప్పిస్తే ఇప్పుడొచ్చే బస్సుకు వెళ్ళిపోతాడట.

తల్లి, ఆసుపత్రి, పోయిన పర్సు, మూడూ ఉన్నాయి. తూకం మరీ ఖచ్చితంగా ఉంటేనే ఇన్‌స్పెక్టరుకు అనుమానం మొదలవుతుంది. ఆయన యంత్రం దిగి బావమరిది దగ్గరకు వచ్చి, జేబులో ఉన్న ఒకే ఒక్క నోటు, ఛార్జీకి సరిపోయేది, అతని చేతిలో పెట్టి, వెళ్ళి ఇచ్చి రమ్మన్నారు. తన వైపు చూడొద్దని కూడా చెప్పారు.

"నా దగ్గర ఉంది బావా, నేనిస్తాలే," అన్నాడు బావమరిది.

"నీ డబ్బిస్తే అది దానం అవుతుంది. నాదిస్తే శాంపిలు. వెళ్ళు."

నోటు చేతులు మారింది. రంగులతను రెండు చేతులూ జోడించబోయి, ఒక చేతిలో నోటు ఉండడంతో సగంలో ఆగిపోయాడు. తర్వాత వెనక్కి తిరిగి నడిచాడు. బస్సు ఆగే వైపు కాదు, బస్టాండు బయటికి.

తూకాలాయన ఛాతీలో ఏదో చల్లగా తగిలింది. మనిషి పట్ల నమ్మకం కోల్పోవడం బాధాకరమే గాని, అనుకున్నది నిజమవుతున్నప్పుడు ఆ బాధలోనూ ఒక హాయి ఉంటుంది. ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ బయల్దేరారు. రంగులతను సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ముందు ఆగి, లోపలికి ఏదో చెప్పి, ఏదో పుచ్చుకున్నాడు. తూకాలాయన ఎదుటి గోడ మీది సినిమా పోస్టరును శ్రద్ధగా చదివారు. రంగులతను తలెత్తి ఆయన్ను చూశాడు. మళ్ళీ నడిచాడు. కూరగాయల బళ్ళ మధ్య నుంచి వెళ్ళాడు, తూకాలాయనా వెళ్ళారు. రంగులతను ఆగి చెప్పు సరిచేసుకున్నాడు, తూకాలాయన ఆగి వంకాయలను పరామర్శించారు. రంగులతను ఈసారి వెనక్కి చూసిన చూపులో బెదురు ఉంది. దొంగ చూపు అని తూకాలాయన తీర్మానించారు. బెదిరిన చూపుకూ దొంగ చూపుకూ తేడా తూచే రాళ్ళు ఆయన పెట్టెలో లేవు.

బస్టాండు లోపల మైకు పక్క ఊరి బస్సు వచ్చిందని చెప్పింది. రంగులతను బస్టాండు వైపు పరుగు తీశాడు. తూకాలాయనా పరుగెత్తారు. అతను చటుక్కున పక్కకు తిరిగి పార్శిలు ఆఫీసు వెనక గోనెసంచుల గుట్టల మధ్య మాయమైపోయాడు. ఆ సందుకు ఒకటే దారి. ఆ దారికి అడ్డంగా, సరుకు దాచిన దుకాణదారు కోసం ఎన్నోసార్లు నిలబడ్డట్టే, తూకాలాయన ఓపికగా నిలబడ్డారు. మైకు మళ్ళీ చెప్పింది. సంచుల వెనక నుంచి అలికిడి లేదు. కండక్టరు ఈల వేశాడు. బస్సు వెనక్కి జరిగి, మూలుగుతూ మలుపు తిరిగి, రోడ్డెక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు రంగులతను బయటికి వచ్చాడు. భుజాన వేలాడే సంచిని గుండెకు హత్తుకుని ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది గాని గొంతు గట్టిగానే ఉంది.

"ఎవరండీ మీరు? ఏం కావాలి నా దగ్గర?"

తూకాలాయనకు వృత్తిరీత్యా ఒకటే జవాబు వచ్చు. "తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టర్ని," అన్నారు.

రంగులతను ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. "నేనేం అమ్మట్లేదు కదండీ," అన్నాడు.

ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన్ను ఎవరూ ఇంత న్యాయమైన ప్రశ్న అడగలేదు. రంగులతనే చెప్పుకుపోయాడు. పొద్దునా ఇలాగే ఎవడో వెంటపడ్డాడట, చూసీ పట్టించుకోలేదట, పర్సు పోయింది. ఛార్జింగుకు పెట్టిన ఫోను తెచ్చుకుందామని వెళ్తే మళ్ళీ ఒకరు వెనకే వస్తున్నారు. ఎవరో మహానుభావుడు ఇచ్చిన ఈ డబ్బులు కూడా పోతే ఇక అడగడానికి మొహం లేదని దాక్కున్నాడట.

"ఆ డబ్బులు నావే," అన్నారు తూకాలాయన. ధైర్యం చెబుదామనే అన్నారు. కాని ఆ మాట గాలిలోకి వెళ్ళాక వసూలుకు వచ్చినవాడి మాటలా వినబడింది.

రంగులతను చొక్కా లోపల నుంచి నోటు తీసి ముందుకు చాపాడు.

"తీసుకోండి. బస్సెలాగూ పోయింది."

ఆ నోటును ఆయన ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండడమూ సులువుగా లేదు. ఇంతలో పార్శిలు భుజాన వేసుకుని బావమరిది వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూశాడు, బస్సు లేని ఖాళీ జాగా చూశాడు. అతనికి విషయం చెప్పక్కర్లేకపోయింది. పార్శిలు కిందికి దించి, గబగబా విచారణల కిటికీ దగ్గరకు వెళ్ళి వచ్చి, తర్వాతి బస్సు ఇంకో గంటకుందనీ, అదీ ఊరూరా ఆగుతూ పోతుందనీ చెప్పాడు. బావను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని తూకాలాయనకు అనిపించింది.

రంగులతని ఫోను మోగింది. పాత ఫోను, లోపలి మాట పక్కవాళ్ళకూ వినబడుతోంది. అతని చెల్లెలు. "అన్నయ్యా, ఎంతదాకా వచ్చావు? డాక్టరుగారు సాయంత్రం వచ్చి, చేసేసి వెళ్ళిపోతారట. మళ్ళీ వారం దాకా రారట. అమ్మ నొప్పితో మెలికలు తిరిగిపోతోంది. అయినా నువ్వు కనబడితే గాని లోపలికి వెళ్ళనని మొండికేసి కూర్చుంది."

"దారిలోనే ఉన్నా," అన్నాడు రంగులతను.

ఆ పూట ఆ మనిషి నోట తూకాలాయన పట్టుకున్న మొదటి అబద్ధం అది. అది చెప్పించింది తానే.

ఆయన గబగబా స్కూటరు దగ్గరకు నడిచారు. పెట్టె తాడు విప్పడం మొదలుపెట్టారు. ఆ పెట్టె సంగతి తెలిస్తే గాని దీని తీవ్రత అర్థం కాదు. లోపల వెల్వెట్టు గుడ్డలో కూర్చున్న ఇత్తడి రాళ్ళను వట్టి చేతులతో ముట్టుకోకూడదు, చెమట తగిలితే బరువు మారుతుంది. పెట్టెను ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఇంట్లో దానికొక బీరువా అర ప్రత్యేకం, భార్య చీరలకు ఆ వైభోగం లేదు. కానీ పెట్టెతో, వెనక మనిషితో ఆ స్కూటరు బస్సును కాదు గదా, ఎద్దుబండిని కూడా అందుకోలేదు. తూకాలాయన పెట్టెను రెండు చేతులా ఎత్తి బావమరిదికి అందించారు. తలకిందులు చెయ్యొద్దన్నారు, ఎండలో పెట్టొద్దన్నారు, మూత తియ్యొద్దన్నారు, ఎవరైనా చూస్తామంటే చూపించొద్దన్నారు.

"అక్కయ్యను పంపించేటప్పుడు మా నాన్న కూడా నీకిన్ని జాగ్రత్తలు చెప్పలేదు బావా," అన్నాడు బావమరిది, పెట్టెను చంటిపిల్లాడిలా చంకనెత్తుకుని. "నువ్వు వెళ్ళు ముందు."

రంగులతను వెంటనే ఎక్కలేదు. డబ్బిచ్చి, వెంటపడి, బస్సు తప్పించి, ఇప్పుడు బండెక్కమంటున్న మనిషిని నమ్మడానికి ఎంతటి గుండె కావాలో ఊహించవచ్చు. బావమరిది ముఖం వైపు చూశాడు. ఆ ముఖం మోసం చెయ్యగలిగినది కాదు. ఎక్కాడు.

ఊరు దాటారు. తూకాలాయన జీవితంలో ఎన్నడూ స్కూటరు వేగం చూపే ముల్లును సగం దాటనివ్వలేదు. ఇప్పుడు స్కూటరు వణుకుతోంది, అద్దం వణుకుతోంది, అద్దంలో కనబడే రంగులతని మొహం వణుకుతోంది. లారీలు హారన్లు కొడుతూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి. ఒక గుంతలో పడి లేచినప్పుడు రంగులతను ఆయన భుజం గట్టిగా పట్టుకుని, కాసేపటికి సిగ్గుపడి వదిలేశాడు. తర్వాత చెవి దగ్గరగా వంగి అడిగాడు. "ఆసుపత్రికే కదండీ తీసుకెళ్తున్నారు?"

ఆసుపత్రికేనని తూకాలాయన అరిచి చెప్పారు. అరుస్తుండగానే, లోపల ఎక్కడో ఒక గొంతు, అక్కడ నిజంగా తల్లి ఉంటుందా అని అడిగింది. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ గొంతు ఆగలేదు. ఇదంతా సాయమా, పొడిగించిన తనిఖీనా అన్నది ఆయనకే తేలలేదు.

రైల్వే గేటు ముందు మలుపులో బస్సు వెనక భాగం కనబడింది. రంగులతను ఆయన వీపు మీద చరిచి, అదే, అదే అన్నాడు. బస్సు పట్టాలు దాటింది. దాని వెనకే గేటు కిందికి దిగడం మొదలైంది. తూకాలాయన స్కూటరును ఇంకా తోలారు. ఇంకా. గేటు ముక్కుకు తగిలేంత దగ్గరగా వాలి ఆగింది.

అవతల వైపు బస్సు ఎవర్నో దింపడానికి ఆగి ఉంది. దిగుతున్న మనిషి సామాను ఒక్కొక్కటే కిందికి అందుకుంటున్నాడు. రంగులతను స్కూటరు మీంచి దూకి గేటు కిందుగా వంగాడు. పట్టాలు సన్నగా మోగుతున్నాయి. తూకాలాయన స్కూటరును వదిలేశారు, అది దభాలున పక్కకు పడింది. రెండు చేతులతో అతని చొక్కా వెనక నుంచి పట్టుకున్నారు.

"వదలండి, బస్సు అక్కడే ఉంది."

"వదలను."

"మీకేమిటండీ? మీ అమ్మా?"

తూకాలాయన పట్టు వదల్లేదు. చొక్కా భుజం దగ్గర చిరిగిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదు. గూడ్సు బండి ఇద్దరి మొహాల ముందు నుంచి గాలి విసురుతూ, పెట్టె తర్వాత పెట్టె, అంతం లేనట్టు పోతూనే ఉంది. పోవడం అయ్యాక చూస్తే అవతల రోడ్డు మీద దుమ్ము మాత్రమే ఉంది. రంగులతని జేబులో ఫోను మోగుతోంది. అతను దాన్ని బయటికి తీసి, చెల్లెలి పేరు చూసి, ఎత్తకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఏమని చెబుతాడు?

స్కూటరును ఇద్దరూ కలిసి లేపారు. ఒక అద్దం పోయింది. గేటు దాటి కొంతదూరం వెళ్ళారో లేదో, బండి దగ్గి, తడబడి, ఆగిపోయింది. పడ్డప్పుడు కారిపోయిందో, ముందే లేదో, ట్యాంకులో పెట్రోలు లేదు. పెట్రోలు బంకు కనుచూపు మేరలోనే ఉంది. ఇద్దరూ తోసుకుంటూ, రొప్పుతూ చేరారు. అక్కడ తూకాలాయన వెనక జేబు తడుముకున్నారు. ముందు జేబులు తడుముకున్నారు. తాళాల గుత్తి, రుమాలు, పెట్రోలుకు ఏ మూలకూ చాలని రెండు నాణేలు. బస్టాండుల్లో జేబుదొంగల భయం చేత ఆయన పర్సును ఎప్పుడూ తూకపురాళ్ళ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. అంత పకడ్బందీ ఏర్పాటు. ఏ దొంగకూ దొరకదు, ఆయనకూ దొరకలేదు.

బంకు కుర్రవాడు గొట్టం పట్టుకుని ఎంతకు కొట్టమంటారని అడుగుతున్నాడు. వెనక కారు హారను కొడుతోంది. తూకాలాయన తలెత్తలేదు. రంగులతను చొక్కా లోపల నుంచి ఆ నోటు తీసి బంకు కుర్రవాడికిచ్చి, మొత్తానికీ కొట్టెయ్యమన్నాడు.

మిగతా దారి అంతా తూకాలాయన లోపలి గొంతు నోరెత్తలేదు.

ఆసుపత్రి ముందు బండి పూర్తిగా ఆగకముందే రంగులతను దూకి పరుగెత్తాడు. తూకాలాయన స్టాండు వేసి, ఒక క్షణం తటపటాయించి, వెనకే వెళ్ళారు. వెళ్ళకుండా ఉండాల్సిందని మెట్లెక్కుతుండగా తట్టింది, అప్పటికే వరండాలో ఉన్నారు. చివరి మంచం మీద ఒక సన్నటి ముసలమ్మ పొట్ట పట్టుకుని ముడుచుకుని కూర్చుంది. పక్కన చెల్లెలు, కాళ్ళ దగ్గర నర్సు. కొడుకును చూడగానే ముసలమ్మ ముందు తిట్టింది. ఆలస్యానికి కాదు, చిరిగిన చొక్కాకు. మంచి చొక్కా వేసుకుని ఆసుపత్రికి రావాలని ఎప్పటికి నేర్చుకుంటావురా అంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, ఇక తీసుకెళ్ళండమ్మా అని నర్సుతో అంది.

అప్పుడు ఆవిడ కళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డ తూకాలాయన మీద పడ్డాయి. "ఆయనెవర్రా?"

రంగులతను వెనక్కి తిరిగి చూశాడు. తూకాలాయన జీవితంలో ఎందరో దుకాణదారులు తక్కెడ ముల్లు ఎటు వాలుతుందోనని ఆయన ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వాళ్ళకు ఎలా ఉండేదో ఆయనకు ఇన్నాళ్ళకు తెలిసింది. నిజం చెబితే కాదనడానికి ఏమీ లేదు. చెల్లెలు కూడా చూస్తోంది.

"బస్సు తప్పిపోయిందమ్మా," అన్నాడు రంగులతను. "ఈయన బండి మీద తీసుకొచ్చారు."

రెండూ నిజమే. ఎక్కడా తరుగు లేదు. కాని మధ్యలో ఒకటి వదిలేశాడు. అది వదిలేసినట్టు అతనికీ తూకాలాయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

"స్కూటరు వెనక నిద్రపోలేదు కదా బాబూ వీడు?" అంది ముసలమ్మ నొప్పిలోనే. "చిన్నప్పటి నుంచి బండెక్కిస్తే చాలు, నిద్రే. నిలబడ్డావేం, కూర్చో."

తూకాలాయన స్టూలు మీద కూర్చున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెళ్ళొస్తానని చెప్పాలనుకుంటూనే కూర్చుండిపోయారు. నర్సు లోపలికి వెళ్ళి వచ్చి, అంతా సిద్ధంగానే ఉంది గాని డాక్టరుగారు ఇంకా రాలేదని చెప్పింది. చెల్లెలు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రంగులతను తల్లి కాళ్ళు పడుతూ, ఎదుటి గోడకు రంగు ఎంత నాసిగా వేశారో తూకాలాయనకు చూపించాడు. ఆయన తల ఊపారు. ఆ తర్వాత ఇద్దరూ ఆ గోడ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆపరేషను బాగానే జరిగింది. డాక్టరుగారి కారు ఆ పొద్దునే మెకానిక్కు దగ్గర పడుకుంది. ఆయన వచ్చింది వీళ్ళు వద్దనుకున్న, ఊరూరా ఆగే ఆ తర్వాతి బస్సులోనే.